ప్రశ్నలడగని పుణ్యాత్ములు

వీధిన పడ్డ కుక్కల్ని చేరదీసి కొత్త ఇళ్లకు పంపే రెస్క్యూ సంస్థలు రెండు రకాలు. మొదటి రకం వాళ్లకు మర్యాదన్నది బొత్తిగా తెలీదు. ఓ మూగజీవానికి నీడనిద్దామని మీరు ఎంతో ఉదారంగా ముందుకొస్తే, పాత కేసేదో తిరగదోడుతున్నట్టు ఆరా మొదలుపెడతారు. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే కుక్కను పెంచుకోవచ్చని యజమాని రాసిచ్చాడా? రోజుకు ఎన్ని గంటలు అది ఒంటరిగా ఉండాల్సి వస్తుంది? ఇంట్లో అందరికీ ఇష్టమేనా, ఒక్కరి సరదాయేనా? ప్రహరీ ఎంత ఎత్తు? గేటు కింద సందు ఎంత? ఇదివరకటి కుక్క ఏమైంది, దానికి వైద్యం చేసిన డాక్టరు నంబరేది? నాలుగు పేజీల ఫారం నింపించుకుని, ఆపైన ఇల్లు చూడ్డానికి మనిషిని పంపుతారు. ఆ మనిషి మీ కొత్త సోఫా వైపు కన్నెత్తి చూడకుండా నేరుగా గేటు దగ్గర గొంతుక్కూర్చుని సందులో చెయ్యి దూర్చి చూస్తాడు.

రెండో రకం వాళ్లు పెద్దమనుషులు. వాళ్లది ఒకే ప్రశ్న: డబ్బు ఎలా పంపుతారు?

ఇంతటి సంస్కారవంతులకు లోకంలో తగిన గౌరవం దక్కడం లేదు. పైపెచ్చు దొంగ సంస్థలని ఆడిపోసుకుంటున్నారు. ఆ అపవాదు ఎంత అన్యాయమో తీరిగ్గా పరిశీలిద్దాం.

ముందుగా వాళ్ల వినయం. సేవ చేసే చోటును ఎవరికీ చూపించుకోరు. కుక్కలున్న చోటికి వస్తామంటే “మిగతావి బెదిరిపోతాయండీ, మేమే తెచ్చిస్తాం” అంటారు. ఏదో ఒక పార్కింగ్ స్థలంలో కారు డిక్కీ తెరిచి, పిల్లను మీ చేతుల్లో పెట్టి, పత్రాల కవరు పైన ఉంచి, మీరు కవరు విప్పేలోగా మలుపు తిరిగిపోతారు. చేసిన మేలు చెప్పుకోకూడదన్న నీతిని ఇంత నిష్ఠగా పాటించేవాళ్లు ఇంకెవరున్నారు?

మొదటి రకం మొరటు సంస్థలకు ఈ గుట్టు చేతకాదు. షెడ్డు ఉంటే రమ్మంటారు. షెడ్డు లేకుండా వలంటీర్ల ఇళ్లలోనే కుక్కల్ని ఉంచే సంస్థలు చాలా ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. అప్పుడు ఆ ఫోస్టర్ ఇంటికే రమ్మంటారు, దూరమైతే వీడియో కాల్ చేస్తారు. ‘అది పడుకునే చోటు చూపించండి, పేరు పెట్టి పిలవండి, గిన్నె కింద పెట్టండి’ అని మీరడిగితే అడిగినట్టే చేస్తారు. పెద్దమనుషులు పంపే ఫోటోలోని కుక్కకు ఇవేవీ చేతకావు. ఆ ఫోటోను ఓసారి ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడండి. అదే కుక్క, అదే దుప్పటి మీద, మూడు దేశాల్లో మూడు పేర్లతో దత్తతకు సిద్ధంగా కనిపించినా ఆశ్చర్యపోవద్దు. పుణ్యాత్ములకు ఎల్లలుండవు.

రమ్మన్న చోటికి వెళితే ముందు పని ముక్కుది. తలుపు తీయగానే కళ్లు మండేలా అమ్మోనియా వాసన కొడితే, అక్కడి మూత్రం ఈ పూటది కాదు. తర్వాత పని వేళ్లది, లెక్కపెట్టడం. అమెరికాలోని నేషనల్ యానిమల్ కంట్రోల్ అసోసియేషన్ చెప్పిన కనీస లెక్క ఒక్కో జంతువుకు రోజుకు 15 నిమిషాలు: శుభ్రం చేయడానికి 9, తిండి పెట్టడానికి 6. షికారు, మందులు, తల నిమరడం ఇందులో లేవు. 80 కుక్కలంటే 1,200 నిమిషాలు, అంటే 20 గంటలు. ఆ ఎనభైనీ ఒంటిచేత్తో సాకుతున్నామని కన్నీళ్లతో చెప్పే మహానుభావులకు మిగిలేది 4 గంటలు. అందులో నిద్ర ఎంత, స్నానం ఎంత అని అడగడం సభ్యత కాదు. ఒక్క మాట మాత్రం వేళాకోళం లేకుండా చెప్పాలి. వీళ్లలో చాలామంది మోసగాళ్లు కారు. ‘ఇంక చాలు’ అనలేని జాలి వీళ్లను అక్కడికి తెచ్చింది. బోనులో పుళ్లతో ఉన్న కుక్కకు మాత్రం ఆ తేడా ఎవరు చెబుతారు?

రికార్డుల దగ్గరికొస్తే పెద్దమనుషుల పొందిక చూసి తీరాలి. టీకాల పుస్తకం తెరవండి. మొదటి డోసు నుంచి చివరి డోసు దాకా ఒకే పెన్ను, ఒకే సిరా, అక్షరాలకు ఒకే వాలు. రెండు మూడు నెలల టీకాలను ఒకే మధ్యాహ్నం కూర్చుని రాసినంత ముచ్చటగా ఉంటుంది. మొరటు సంస్థల పుస్తకం గజిబిజి. ప్రతి డోసుకూ మందు సీసా మీంచి ఒలిచి అంటించిన చిన్న స్టిక్కరు, దాని మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ. పక్కనే వేసిన తేదీ, కోడిగీతల్లాంటి సంతకం, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు. ఒక స్టిక్కరు వంకర, ఇంకోటి సగం చిరిగింది, ఒక పేజీ మీద ఏదో మందు ఒలికిన మరక. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. నమ్మాల్సింది దాన్నే.

ఇక వయసు లెక్క. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బుల టీకాలు 6–8 వారాల వయసులో మొదలై, 2–4 వారాలకోసారి చొప్పున 16 వారాలు నిండేదాకా సాగాలి. కారణం తల్లి పాలు. వాటితో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లూ టీకాను పనిచేయనివ్వదు, అది ఏ పిల్లలో ఏ వారం తగ్గిపోతుందో పైకి తెలీదు, అందుకే మళ్లీ మళ్లీ వేయడం. రేబిస్ టీకా మామూలుగా 12 వారాలు నిండాకే. కాబట్టి ‘ఎనిమిది వారాల పిల్ల, టీకాలన్నీ పూర్తి’ అన్న వాక్యంలో ఎనిమిదైనా అబద్ధమవ్వాలి, పూర్తయినా అబద్ధమవ్వాలి. రెండూ కలిసి నిజం కావడం పెద్దమనుషుల దగ్గర మాత్రమే సాధ్యం.

వారాల మాట పిల్ల నోరు కూడా చెబుతుంది. ఎనిమిది వారాలకల్లా 28 పాలపళ్లూ దాదాపుగా వచ్చేసి ఉండాలి, సూదుల్లా ఉంటాయి. పెదవి పక్కకు లాగి చూస్తే వెనక చిగుళ్లు ఇంకా బోసిగా ఉన్నాయంటే తల్లి దగ్గర ఉండాల్సిన పిల్లను ముందే లాక్కొచ్చారు. ముందు వరసలో రెండు పళ్లు వెడల్పుగా, మిగతావి సన్నగా ఉంటే అది మూడు నెలల పైమాటే. పెద్ద కుక్కల విషయంలో తిరకాసు మరో రకం. 42 పళ్లూ వచ్చేశాక వయసు చెప్పడం అంచనా వ్యవహారమే, గార పట్టడం తిండిని బట్టీ నోటిని బట్టీ మారిపోతుంది. వీధిలో దొరికిన కుక్కకు ‘రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఉండొచ్చు’ అని నసిగేది మొరటు సంస్థ. ‘మూడేళ్ల రెండు నెలలు’ అని ఠకీమని చెప్పేది పెద్దమనుషులు. పుట్టినరోజు పార్టీకి వెళ్లొచ్చినట్టే చెబుతారు.

పుస్తకంలో పేరున్న వెట్‌కు, అంటే పశువైద్యుడికి, ఫోన్ చేయండి. నంబరు మాత్రం పుస్తకంలోది వద్దు, మీరే విడిగా వెతికి పట్టుకోండి. ఆయన వివరాలు చెప్పకపోవచ్చు, చెప్పనక్కర్లేదు కూడా. ‘ఫలానా సంస్థ మీ దగ్గరికే వస్తుందటగా’ అన్నప్పుడు అవతలి నుంచి వచ్చే “ఎవరు?” అన్న ఒక్క మాట చాలు.

మైక్రోచిప్ విషయంలో పెద్దమనుషులు శాస్త్రాన్ని దాటి చాలా దూరం వెళ్లిపోయారు. “చిప్ వేశామండీ, ఎక్కడ తప్పిపోయినా మీ ఫోన్‌లో కనిపిస్తుంది” అంటారు. బియ్యపు గింజంత ఉండే ఆ చిప్‌లో బ్యాటరీ ఉండదు, జీపీఎస్ ఉండదు. భుజాల మధ్య చర్మం కింద నిద్రపోతూ, స్కానర్ దగ్గరికొచ్చినప్పుడు ఓ సంఖ్య చెప్పి మళ్లీ పడుకుంటుంది. అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణం చిప్ అయితే ఆ సంఖ్యకు 15 అంకెలు. స్కాన్ చేయించి, కాగితంలోని అంకెలతో ఒక్కొక్కటీ సరిచూడండి. చిప్ కాస్త జారి ఉండొచ్చు గనక స్కానర్‌ను భుజాల మీద, పక్కటెముకల వైపు కూడా తిప్పమనండి. ఆపైన ఆ సంఖ్య చిప్ నంబర్ల రిజిస్ట్రీలో ఎవరి పేరిట ఉందో చూడండి. సంస్థ పేరుంటే సరే. సంబంధం లేని మూడో మనిషి పేరుంటే, మీ పెద్దమనుషులు కుక్కను కాపాడింది ఎవరి పెరట్లోంచో ఆ మనిషిని అడగాలి.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కూ కాగితమే ఆధారం. ఆడకుక్క పొట్ట మీద గీత ఏళ్లు గడిచాక చేతికి అందకపోవచ్చు. మగకుక్కకు బయట ఏమీ కనబడనంత మాత్రాన ఆపరేషన్ అయినట్టు కాదు, వృషణాలు కిందికి దిగక పొట్టలోనే ఉండిపోయిన కుక్క కూడా అలాగే కనిపిస్తుంది, వాటికి ముందు ముందు కణితి ముప్పు ఎక్కువ. “చిన్నది కదండీ, తర్వాత మీరే చేయించుకోండి” అనే సంస్థ మీ స్వేచ్ఛను గౌరవిస్తోంది. మొరటువాళ్లు అయితే చేయించే ఇస్తారు, పిల్ల మరీ చిన్నదైతే ఏ నెలలోపు చేయించాలో ఒప్పందంలో రాయించుకుని ఆ నెల రాగానే ఫోన్ చేసి విసిగిస్తారు.

ఇక సరుకు. అవును, సరుకే. పెద్దమనుషుల చేతి చలవ ఏమిటోగాని వాళ్లు కాపాడేవన్నీ ముద్దుముద్దు పిల్లలే, అన్నీ జనం ఎగబడే జాతులే, ఒక ఈత పోగానే ఇంకో ఈత సిద్ధం. నిజంగా ఆపదలో పడే కుక్కల్లో ముసలివి, కుంటివి, చర్మం ఊడినవి, ఏ జాతో బ్రహ్మకైనా తెలియనివి ఎక్కువ. అవొక్కటీ వీళ్ల దారికి అడ్డురావు. ఫీజు కూడా జాతిని బట్టీ రంగును బట్టీ పెరుగుతుంది. ‘అరుదైన రంగు’ అన్న మాట వినబడిందంటే మీరున్నది అంగట్లో. మామూలుగా టీకాలు, నట్టల మందు, చిప్, ఆపరేషన్ విడివిడిగా మీ వెట్ దగ్గర చేయిస్తే ఎంతవుతుందో కూడి చూడండి. నికార్సయిన సంస్థ ఫీజు ఆ మొత్తానికి అటూ ఇటూగా, చాలాసార్లు తక్కువగానే ఉంటుంది. ముసలి కుక్కకు ఇంకా తగ్గిస్తారు.

ఈ విద్య చట్టాలను కూడా చదువుకున్నది. కాలిఫోర్నియాలో 2019 జనవరి 1 నుంచి పెట్ షాపులు షెల్టర్లూ రెస్క్యూ సంస్థల నుంచి వచ్చిన కుక్కల్నే అమ్మాలన్నారు. అనగానే అమ్మకానికి కుక్కల్ని ఈనించే బ్రీడర్ల పిల్లలకు రెస్క్యూ ముద్ర కొట్టి షాపులకు చేరవేసే సంస్థలు మొలిచాయి. షాపుల్లో కుక్కల అమ్మకాన్నే ఆపేస్తూ 2021 జనవరి 1 నుంచి ఇంకో చట్టం తేవాల్సి వచ్చింది. చట్టం చేసేవాళ్లు కూడా గేటు కింద సందు చూసుకోవాలన్నమాట.

రిజిస్ట్రేషన్ ఉంటే చాలదా అంటారా? నంబరిస్తే, రిజిస్టరు చేసే అధికారుల సైట్‌లోనే వెతికి పేరు అక్షరం అక్షరం సరిచూడండి. పక్క సంస్థ పేరులో ఒక్క అక్షరం మార్చి, నంబరు మాత్రం మార్చకుండా వాడుకునే పొదుపరులున్నారు. నంబరు నిజమే అయినా అది ఒక ఫారం నింపారని మాత్రమే చెబుతుంది. కుక్కల లెక్క అడగండి. ఏడాది మొదట్లో 40 ఉన్నాయి, కొత్తగా 210 వచ్చాయి, 150 దత్తతకు వెళ్లాయి, 10 సొంతవాళ్లకు చేరాయి, 20 చనిపోయాయి అంటే 70 మిగలాలి. ఉన్నవి 45 అయితే ఆ పాతిక ఎక్కడ? అడగ్గానే “అన్నీ బతికాయండీ, మా దగ్గర ఒక్కటీ చావదు” అంటే భయపడాల్సిందే. నో కిల్, అంటే జంతువుల్ని చంపని సంస్థ, అనిపించుకోవడానికి వాడుకలో ఉన్న గీతే వచ్చినవాటిలో 90 శాతం ప్రాణాలతో బయటపడటం. పార్వోతో వచ్చేవీ, లారీ కింద పడి వచ్చేవీ ఉన్న చోట నూటికి నూరు ఎలా వస్తుందో యముడికే తెలియాలి.

తొలిచూపులో కుక్క ఎంత బుద్ధిమంతంగా కూర్చుందో చూసి మురిసిపోయే ముందు కళ్లలోకి చూడండి. కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర, అదే మూడో రెప్ప, సగం దాకా పైకొచ్చి ఉందా? లేచినప్పుడు వెనక కాళ్లు తడబడుతున్నాయా? చప్పట్లు కొడితే చెవి తిరుగుతోందా? ముక్కు ముందు తినుబండారం పెట్టినా మెడ ఎత్తలేదా? అది మత్తు మందు కావచ్చు, జబ్బు కావచ్చు, భయంతో గడ్డకట్టుకుపోవడం కావచ్చు. శాంత స్వభావం అనేది చిట్టచివరి అవకాశం. వేరే రోజు, వేరే వేళ మళ్లీ చూస్తాననండి. ఇరవై నిమిషాలు బెల్టు పట్టుకుని నడిపించండి. మొరటు సంస్థవాళ్లు అయితే అడగకముందే చెప్పేస్తారు: “ఇది గిన్నె దగ్గరికెళ్తే గుర్రుమంటుంది. పిల్లిని చూస్తే ఆగదు. ఉరుములొస్తే మంచం కింద ఉచ్చ పోస్తుంది.” కుక్కను అంటగట్టే కళ వీళ్లకు ఏనాటికీ రాదు.

“ఈ రాత్రి దాటితే దీన్ని చంపేస్తారు, ఇప్పుడే డబ్బు పంపండి” అన్న సందేశం వస్తే కళ్లు తుడుచుకుని షెల్టర్ పేరు అడగండి. గడువులు నిజంగానే ఉన్న షెల్టర్లున్నాయి. అలాంటి చోట ప్రతి కుక్కకూ బోను నంబరో రికార్డు నంబరో ఉంటుంది, ఫోన్ చేస్తే చెబుతారు. షెల్టర్ పేరు చెప్పడానికే తీరిక లేనంత అర్జెంటైతే, ఆ కుక్క ఇంకో ఆర్నెల్ల పాటు ప్రతి రాత్రీ ఆఖరి రాత్రే గడుపుతుంది.

దూరం నుంచి పంపే కుక్కకు ఖర్చుల వరస కంఠతా పట్టదగ్గది. ముందు రవాణా. తర్వాత ‘ఉష్ణోగ్రత నియంత్రించే పెట్టె’. తర్వాత ‘తిరిగిచ్చేసే’ బీమా. ఆపైన దారిలో క్వారంటైన్ రుసుము. చివరగా, డబ్బు పంపకపోతే జంతువును వదిలేసిన నేరం కింద మీ మీదే కేసన్న బెదిరింపు. ఇంత దూరం ప్రయాణించిన కుక్క ఒక్క అడుగు కూడా వేసి ఉండదు, అసలుంటే కదా. వైద్యానికి చందా ఇవ్వాలనిపిస్తే ఆసుపత్రి పేరు, కేసు నంబరు కనుక్కుని ఆసుపత్రికే కట్టండి. పెద్దమనుషులు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

మొరటు సంస్థల తప్పులు దాచడం కూడా న్యాయం కాదు. మెసేజ్ పెడితే నాలుగు రోజులకు జవాబిస్తారు, ఎందుకంటే పగలు ఉద్యోగం, రాత్రి కుక్కల విరేచనాలు. కొన్ని నియమాలు మరీ చాదస్తం. మూడో అంతస్తులో ఉన్నవాళ్లను ప్రహరీ ఎత్తు అడిగేవాళ్లున్నారు. ఆలస్యానికీ చాదస్తానికీ విసుక్కోవచ్చు, వాటిని మోసం కింద లెక్కేయొద్దు.

ఒప్పందం దగ్గర రెండు రకాలూ తేలిపోతాయి. పెద్దమనుషుల పత్రం అరపేజీ. ‘డబ్బు వాపసు లేదు, కుక్క వాపసు లేదు’ అన్న రెండు ముక్కల్లో జీవిత సత్యమంతా ఉంటుంది. మొరటువాళ్ల ఒప్పందం ప్రకారం పదేళ్ల తర్వాతైనా సరే, ఏ కారణానికైనా సరే, మీరు పెంచలేకపోతే కుక్కను వాళ్లకే తిరిగివ్వాలి. అమ్మకూడదు, ఊరికే ఎవరికో ఇచ్చేయకూడదు. ఇచ్చాక కూడా దాని మీద పట్టు వదలని బుద్ధి, చూడండి.

పెద్దమనుషులిచ్చిన పిల్లను ఇంటికి తెచ్చిన నాలుగో రోజు పొద్దున అది తిండి ముట్టదు. మధ్యాహ్నానికి వాంతి, సాయంత్రానికి రక్తంతో నీళ్ల విరేచనం. పార్వో ఒంట్లోకి చేరాక బయటపడటానికి మామూలుగా 3–7 రోజులు, ఒక్కోసారి 14. అందుకే తెలిసినవాళ్లు కొత్త పిల్లను కనీసం రెండు వారాలు విడిగా ఉంచి గానీ ఇవ్వరు. పరీక్ష ఆసుపత్రిలో పది నిమిషాల్లో తేలుతుంది, రేపటిదాకా ఆగే పనైతే కాదు. సంస్థకు ఫోన్ చేస్తే “కొత్త ఇల్లు కదండీ, బెంగ పెట్టుకుందేమో” అని ఓదారుస్తారు. రెండోసారి చేస్తే ఆ నంబరు ఉనికిలో ఉండదు. వైరస్ మాత్రం ఉంటుంది, పెరటి మట్టిలో ఏడాది దాకా కూడా. సబ్బుకూ చేతులకు రాసుకునే శానిటైజర్‌కూ లొంగదు. నేల కడిగాక ఒక పాలు బ్లీచ్‌కు 32 పాళ్ల నీళ్లు కలిపి పోసి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మట్టికి అదీ పనిచేయదు. పూర్తిగా టీకాలు పడని ఇంకో పిల్లను ఆ పెరట్లోకి తేకూడదు.

మొరటువాళ్లు ఫోన్ ఎత్తడమే కాదు, వాళ్లే చేస్తుంటారు. మూడో రోజున, మూడో వారాన, మూడో నెలన: తింటోందా, దొడ్డికి సరిగ్గా వెళ్తోందా, ఓ ఫోటో పెట్టండి. కొన్నాళ్లకు మీరు విసిగిపోయి ఎత్తడం మానేస్తారు. అప్పుడు ఓ రాత్రి పదకొండింటికి మళ్లీ మోగుతుంది. మీ కుక్కను ఎవరో రోడ్డు మీద పట్టుకుని చిప్ స్కాన్ చేయించారట, మీ నంబరు పాతదట, రెండో నంబరుగా సంస్థది ఉందట. కుక్క క్షేమమే, వచ్చి తీసుకెళ్లండి. ఫోన్ పెట్టేయబోతుంటే అటు నుంచి ఇంకో మాట వినిపిస్తుంది.

“గేటు కింద సందు పూడ్చారా, లేదా?”